విడిపించినవాడి శుక్రవారం

ఊరు మారిన జట్టుకు చరిత్ర ఏ రోజునుంచి మొదలవుతుంది? ఉద్యోగంలో చేరాక జరిగిన మొదటి సమావేశంలోనే నేను ఈ ప్రశ్న అడిగాను. కడపలో చదువుకునే రోజుల్లో డిబేట్‌ జట్టులో మాకు ముందుగా నేర్పింది అదే: వాదనకు దిగేముందు పదాల అర్థం తేల్చుకోవాలి. మా ఐస్ హాకీ జట్టు పేరు మారింది, ఊరు మారింది, చొక్కాల రంగు మారింది, చిహ్నంలో తెల్ల ఎలుగుబంటి పోయి డేగ వచ్చింది. ఆటగాళ్ళలో సగానికి పైగా మేము రామన్నారు. ప్రేక్షకులను ఎలాగూ విమానమెక్కించి తేలేరు. అలాంటప్పుడు కువైట్‌కు వచ్చిందేమిటి అని అడిగాను. మా మేనేజరు ఆ చలి ఊరినుంచి జట్టుతోపాటు వచ్చిన కొద్దిమందిలో ఒకడు. ఆయన నిజాయితీగానే కాసేపు ఆలోచించి, లీగులో ఆడే లైసెన్సు వచ్చిందన్నాడు. ఆ విధంగా నేను ఒక లైసెన్సు చరిత్ర రాయడానికి కుదిరాను.

పుట్టి పెరిగింది హవల్లీలో, పై చదువు కడపలో, ఉద్యోగం మళ్ళీ కువైట్‌లో. కాబట్టి ఊరు మారడం గురించి నాకు కొంత తెలుసుననే అనుకున్నాను. కానీ జట్టు ఊరు మారే పద్ధతి వేరు. అక్కడ చెరువులు గడ్డకట్టే దేశంలో దశాబ్దాలపాటు ఆడిన జట్టు అది. పాత హాలు పైకప్పు బాగుచేయించడానికి ఆ ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ఇక్కడి ఒక వ్యాపార కుటుంబం ఒప్పుకుంది, అయితే పైకప్పుకు కాదు, జట్టుకు. నేను రాయవలసిన పుస్తకంలో మొదటి వాక్యాన్ని మాత్రం నాకు ముందే ఇచ్చేశారు: జట్టు తన సొంతగూటికి చేరుకుంది. ఎండాకాలంలో కారు తలుపు పిడిని చేతిగుడ్డతో పట్టుకుని తెరిచే దేశం, ఐస్ హాకీకి సొంతగూడు.

పాత రికార్డుల సంగతి ఏమిటని అడిగాను. గెలుపులు రాయమన్నారు, ఓటముల ప్రస్తావన అవసరం లేదన్నారు. విమానంలో బరువుకు పరిమితి ఉంటుంది కాబట్టి దాన్నీ అర్థం చేసుకున్నాను. పాత ఊరి ప్రేక్షకులు చివరి మ్యాచ్ అయ్యాక కూడా హాలు వదలకుండా చాలాసేపు కూర్చున్నారని మా గోల్‌కీపరు చెప్పాడు. అది రాశాను. అది ఉత్సాహపరిచే విషయం కాదని కొట్టేశారు.

తొలి నెలలు ఎలా గడిచాయో పుస్తకంలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జట్టు సామాను షువైఖ్ రేవులో చిక్కుకుపోయింది. పెట్టె తెరిచిన అధికారి నల్లటి రబ్బరు బిళ్ళలను చేతిలో తిప్పి చూసి, ఇవి ఏ యంత్రానికి వేసే భాగాలని అడిగాడట. ఇవి ఏ యంత్రంలోవీ కావు, వీటిని కర్రలతో కొడతారు, అంతే అని చెబితే ఆయనకు అనుమానం మరింత పెరిగింది. సామాను వచ్చేసరికి ఐసు సరిగా లేదు. హాలు తలుపు తెరిచినప్పుడల్లా బయటి ఉక్క లోపలికొచ్చి ఐసు మీద పొగమంచు కమ్మేది. ఆ మంచులో ఆటగాళ్ళు నడుముల దాకా మాయమై, తలలు మాత్రం అటూ ఇటూ జారుతూ కనబడేవి. ప్రేక్షకులు వచ్చేవారు, అబద్ధమాడను. చల్లగా ఉంటుందని వచ్చేవారు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, పిల్లలకు స్వెట్టర్లు తొడిగి, కుటుంబాలతో వచ్చేవారు. ఆ నల్ల బిళ్ళ ఎక్కడుందో ఎవరికీ కనిపించేది కాదు. అందుకని ఎవరైనా పడినప్పుడు చప్పట్లు కొట్టేవారు. అదొక్కటే స్పష్టంగా తెలిసేది.

పుస్తకంలో ఆటగాళ్ళను అంతర్జాతీయ తారలు అని రాయమన్నారు. ఆ తారలను ఇఖామా కోసం వైద్యపరీక్షకు తీసుకువెళ్ళింది నేనే. ఈ దేశంలో ఉండాలంటే ఆ నివాసపత్రం ఉండాలి, అదుండాలంటే నెత్తురిచ్చి, వేలిముద్రలిచ్చి, వరుసలో నిలబడాలి. నిజామాబాద్, జగిత్యాల కూలీల వరుసే వాళ్ళ వరుస కూడా. మా జట్టులో అందరికంటే పొడుగువాడు, రక్షణలో ఆడేవాడు, ఆ వరుసలో గుమ్మం పైకమ్మీకి తల తగలకుండా వంగి నిలబడ్డాడు. ముద్ర వేయించడానికని ఆఫీసు తీసుకున్న తన పాస్‌పోర్టు ఇంకా రాలేదేమని నన్ను అడిగాడు. అతని వెనకనున్న జగిత్యాల మనిషి పైనుంచి కింది దాకా అతన్ని చూసి, "గింత పైల్వాన్‌కు సుత గీ లైనేనా?" అన్నాడు. అతనేమన్నాడని పొడుగాయన అడిగాడు. స్వాగతం చెబుతున్నాడన్నాను.

ఇక చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన నాకు రక్తబంధువు కాడు. రాయచోటి వైపు, మా అమ్మ పుట్టిన పల్లెకు పక్క పల్లె. ఆ కాస్త దగ్గరతనం చాలు, కువైట్‌లో చిన్నాయన అయిపోవడానికి. శుభ్రం చేసే ఒక కంపెనీలో పని, ఆ కంపెనీ ఆయన్ను మా రింక్‌కు పంపింది. ఐసు చుట్టూ ఉండే చెక్కగోడలో చిన్న గేట్లు ఉంటాయి. ఆటగాళ్ళు లోపలికీ బయటికీ వచ్చేటప్పుడు ఆ గేటు తీసి మూయడం, విరామంలో ఐసు పొడిని పారతో ఎత్తడం, గుంటలు పడినచోట తడిమంచు కూరి చదును చేయడం ఆయన పని. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, నేను కడపనుంచి తిరిగి రాకముందే.

ఆయన భార్య కూడా కువైట్‌లోనే ఉంది. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని. భార్యాభర్తలు ఒకే దేశంలో, అరగంట దూరంలో, వేర్వేరు కప్పుల కింద కాపురం చేస్తున్నారు. చిన్నమ్మకు సెలవు శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే, పొద్దుగూకేసరికి విల్లాకు చేరాలి. శుక్రవారం సాయంత్రం మ్యాచ్ కాబట్టి చిన్నాయన మధ్యాహ్నమే డ్యూటీకి రావాలి. అందుకని ఆమె కూడా రింక్‌కే వచ్చేది. ఐసు తయారవుతున్న గంటసేపు ఖాళీ హాలులో చివరి వరుసలో ఇద్దరూ కూర్చునేవారు. ఆమె ఆయన కంపెనీ కోటు తొడుక్కునేది, ఆయన ఆమె తెచ్చిన అన్నం డబ్బా మోకాళ్ళమీద పెట్టుకునేవాడు. మ్యాచ్ మొదలయ్యేలోపు ఆమె బస్సుకు వెళ్ళిపోయేది. వారం మొత్తంలో వాళ్ళ సంసారం ఆ గంటే. జట్టు ఊరు మారడంవల్ల నిజంగా లాభం పొందినవాళ్ళు ఎవరైనా ఉంటే, నాకు తెలిసి ఆ ఇద్దరే.

చిన్నాయనకు ఒక అలవాటుంది. తన గదికి ఊరినుంచి కొత్తగా ఎవరొచ్చినా, పెట్టె దించకముందే కూర్చోబెట్టి ఇక్కడ ఎట్లా మసలుకోవాలో చెబుతాడు. చెయ్యి ఎత్తొద్దు, నోరు జారొద్దు, ఆడవాళ్ళున్నచోట ఫోన్ బయటికి తీయొద్దు. ఎవరైనా కొట్టుకుంటుంటే, వాళ్ళు మనవాళ్ళు కాకపోయినా సరే, పోలీసు వచ్చేలోపు పట్టుకుని విడదీయాలి. పోలీసు వచ్చాక తప్పెవరిదని ఎవరూ అడగరు, ఇద్దరినీ తీసుకుపోతారు, ఆ తర్వాత ఇద్దరికీ ఖలాస్. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే ఈ పాఠాన్ని ఏ రాయబార కార్యాలయమూ ముద్రించలేదు. కానీ దీనివల్ల ఇళ్ళకు పోకుండా ఆగినవాళ్ళు చాలామందే ఉంటారు.

ఐస్ హాకీలో కొట్టుకోవడం గురించి నేను మేనేజరును విడిగా అడిగాను. నిబంధనల ప్రకారం అది నిషిద్ధమా, అనుమతమా? నిషిద్ధమే అన్నాడు. కొట్టుకున్నవాణ్ణి కాసేపు విడిగా ఒక పెట్టెలాంటి గదిలో కూర్చోబెడతారు. అలాంటప్పుడు రెఫరీలు ఎందుకు ఆపరు? ఆపితే మర్యాదగా ఉండదన్నాడు. ఒకడు కిందపడే దాకా పక్కన నిలబడి చూస్తారు, అది సంప్రదాయం. నిషిద్ధమూ, గౌరవనీయమూ అయిన పనిని నేను మొదటిసారి చూస్తున్నానని చెప్పలేను. కానీ దానికి ఇంత పద్ధతి ఉండడం మొదటిసారి చూశాను. గేటు పనివాళ్ళకు కోచ్ ముందే చెప్పాడు, నేనే తెలుగులో చెప్పాను: కొట్టుకుంటే గేటు మూసి నిలబడండి, లోపలికి అడుగు పెట్టొద్దు. చిన్నాయన తలూపాడు.

ఒక శుక్రవారం మ్యాచ్ రెండో భాగంలో మా పొడుగాయనా, అవతలి జట్టువాడొకడూ చేతి తొడుగులు విసిరికొట్టారు. అంటే సంప్రదాయం మొదలైందన్నమాట. రెఫరీలు మర్యాదగా పక్కకు జరిగారు. జనం లేచి నిలబడ్డారు. జనాన్ని చూసుకోవడానికి చెక్కగోడ మీది అద్దం పక్కన కుర్చీలో కూర్చున్న పోలీసు కూడా లేచాడు.

చిన్నాయన చూసింది ఆ పోలీసునే. మరుక్షణం గేటు తెరిచి, రబ్బరు బూట్లతో ఐసు మీద జారుతూ, తూలుతూ, చేతులు చాపి పరుగెత్తాడు. మా పొడుగాయనను వెనకనుంచి నడుముచుట్టూ కావలించుకున్నాడు. ఆయన తల అతని వీపు మధ్య దాకా వచ్చింది. "యల్లా, ఖలాస్, పోలీస్, పోలీస్" అని, ఇక చాలు పద అన్నట్టు, అతని వీపుకు చెబుతున్నాడు. ఇద్దరూ కలిసి పడ్డారు. అవతలి ఆటగాడు నాగరికుడు, వెంటనే ఆగిపోయి ఇద్దరినీ లేపబోయాడు. పోలీసు లేచింది ఫోన్లో వీడియో తీసుకోవడానికి. ఆ సీజన్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద చప్పట్లు అప్పుడు మోగాయి. అంతకాలానికి ఆ ఐసు మీద తమకు అర్థమయ్యే పని ఒకటి జరిగిందని జనం సంతోషించారు.

పొడుగాయన భుజం దెబ్బతింది. కొన్ని వారాలు ఆడలేడన్నారు. శనివారం పొద్దున్నే శుభ్రతా కంపెనీ సూపర్‌వైజరు చిన్నాయనకు ఫోన్ చేసి, వీసా రద్దుచేసి పంపిస్తారని, ఆదివారం జట్టు ఆఫీసులో మాట్లాడతారని చెప్పాడు. కాసేపటికి చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. విల్లాలో బట్టలుతికే గదిలోంచి, యంత్రం చప్పుడు చాటున మాట్లాడుతోంది. "పాపా, ఆయప్పను పంపిచ్చేస్తారంట. మా మామాకు చెప్పేదా, వొద్దా?" అని అడిగింది. మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. ఆమె పలుకుబడితో పని జరిపించుకోవడం నా సూత్రాలకు విరుద్ధం. అవసరం లేదు, న్యాయం మనవైపుంది, నేను వాదిస్తానని ధైర్యం చెప్పాను. యంత్రం ఆగడంతో ఆమె గొంతు తగ్గించింది.

"న్యాయం సంగతి కాదు పాపా. నా కాంట్రాక్టు ఇంగా రెండేండ్లుండాది. ఆయప్ప పోతే నేను ఈడ ఎవురి మొగం చూసేది? శుక్రవారం సంగతి చూడు."

న్యాయం గెలిస్తే శుక్రవారం దానంతట అదే వస్తుందని చెప్పాను. డిబేట్‌లో ఇలాంటి వాక్యాలకు మంచి మార్కులు వస్తాయి.

ఆదివారం ఆఫీసులో మేనేజరు, కోచ్, సూపర్‌వైజరు, కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ కూర్చున్నారు. చిన్నాయన నిలబడ్డాడు. నన్ను పిలిచింది అనువాదానికి. వాదించవద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి వాదించాను. నిబంధనల్లో నిషిద్ధమైన పనిని ఆపినవాడు నిబంధనను ఉల్లంఘించినవాడు ఎలా అవుతాడు? ఉల్లంఘన జరుగుతుంటే చూస్తూ నిలబడ్డ రెఫరీలకు జీతమూ, ఆపినవాడికి విమానం టికెట్టూ ఇవ్వడం ఏ తర్కం? ఈ ఊరే జట్టుకు సొంతగూడని పుస్తకంలో రాయించింది మీరే. అలాంటప్పుడు అక్కడి సంప్రదాయం ఇక్కడికెలా వచ్చింది, దాన్ని కూడా ఓటములతోపాటు అక్కడే వదిలి రావలసింది కదా? మేనేజరు శ్రద్ధగా విన్నాడు. చాలా చక్కగా పేర్చి చెప్పావని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగి, టికెట్టు ఎప్పటికి తీసుకోగలరని అడిగాడు.

అప్పుడే పొడుగాయన చేతికి పట్టీ వేసుకుని లోపలికొచ్చాడు. తనకు ఒక్కటే తెలియాలన్నాడు. ఆ మనిషి తనను పట్టుకుని వీపుకు ఏదో చెబుతూనే ఉన్నాడు, ఏమిటది? నేను చిన్నాయనను అడిగాను.

"పోలీసు లేసినాడు పాపా. ఈ దేశంలో కొట్టుకుంటే ఇద్దర్నీ ఇంటికి పంపుతారు. ఈయప్ప కొత్త గదా. ఎవురూ కూచోబెట్టి చెప్పినట్టు ల్యా."

ఒక్క ముక్క కలపకుండా, తీయకుండా అనువదించాను. పొడుగాయన మేనేజరును చూసి, ఇది నిజమేనా అని అడిగాడు. ఆటల్లో అలా ఉండదని మేనేజరు చెప్పాడు. పొడుగాయన మందూబ్‌ను చూశాడు. ఇరవై ఏళ్ళుగా పోలీస్ స్టేషన్లకూ ఆఫీసులకూ తిరుగుతున్న ఆ మనిషి కాసేపు పైకప్పును పరిశీలించి, సందర్భాన్ని బట్టి ఉంటుందన్నాడు. పొడుగాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంతకం పెట్టిన రోజున ఇలాంటివి తనకెవరూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆ తర్వాత, ఎలాగూ అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి, తన పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాడు.

మనుషుల పాస్‌పోర్టులు ఆఫీసు దగ్గర ఉంచుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. మేనేజరుకు ఒక్కసారిగా ఈ సమావేశం త్వరగా ముగించాలనిపించింది. నా వాదనలన్నీ కలిసి చేయలేని పనిని ఆ ఒక్క ప్రశ్న చేసింది. తీర్పు మారింది. మనిషిని పంపించవద్దు. అయితే శిక్ష ఉండాలి కాబట్టి, మ్యాచ్ రోజుల్లో రింక్ ఛాయలకు రానివ్వకూడదు, బడిపిల్లలు స్కేటింగ్ నేర్చుకునే మామూలు రోజుల్లో పొద్దుటిపూట మాత్రమే పని, శుక్రవారం పూర్తిగా బంద్. ఆట అర్థం కాక పొరపాటు చేశానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాలి.

నేను లేచాను. తప్పు చేయనివాడికి శిక్ష తక్కువైనంత మాత్రాన అది న్యాయం కాదు. పైగా ఆయనకు ఆట అర్థం కాలేదనడం అబద్ధం, నిలబడమని నేనే చెప్పాను, తెలిసే వెళ్ళాడు. తెలిసి వెళ్ళడమే ఇక్కడ గొప్పతనం. దీన్ని పైవాళ్ళ దగ్గరికి తీసుకువెళతానని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. చిన్నాయన నా కుర్చీ వీపుమీద చెయ్యేసి, గొంతు పెంచకుండా, మేనేజరు వైపే వినయంగా చూస్తూ తెలుగులో అన్నాడు:

"కూచో పాపా. శుక్రవారం పూరాగా ఇచ్చినాడు. నువ్వు ఇంగొక్క మాట మాట్లాడితే మళ్ళ తీసుకుంటాడు."

"కానీ ఆ కాగితంలో ఉన్నది నిజం కాదు చిన్నాయనా."

"నాకు తెలుసని వాళ్ళకు ఏమిటికి? పెన్నియ్యి."

ఏమంటున్నాడని మేనేజరు అడిగాడు. ఒప్పుకుంటున్నాడని చెప్పాను. నేను ఆ రోజు చెప్పిన వాక్యాలన్నిటిలో పొట్టిది అదే, పని జరిగింది కూడా దానితోనే.

సీజన్ ముగిశాక పుస్తకం అచ్చయింది. తొలి సీజన్‌లో జట్టు చూపిన పోరాట స్ఫూర్తి అని ఒక పేజీ ఉంది, దానికి ఆనాటి ఫోటో వేశారు. చిన్నాయనను కత్తిరించేశారు. అయితే ఆయన చేతులు పొడుగాయన నడుముచుట్టూ ఉన్నాయి, వాటిని కత్తిరిస్తే తారకు నడుము పోతుంది. అందుకని నీలం చొక్కా చేతులు రెండు, ఎవరివో తెలియకుండా, ఆ నడుమును బిగించి పట్టుకునే ఉన్నాయి. ఇలా అచ్చు వేయడం సబబేనా అని అడిగాను. ఎవరూ గమనించరన్నారు. అది నిజమే, ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

అంతకుముందు, తీర్పు తర్వాత వచ్చిన మొదటి పూర్తి శుక్రవారానికి ఇద్దరినీ మా అమ్మ హవల్లీలో మా ఇంటికి భోజనానికి పిలిచింది. చిన్నమ్మ విల్లాలో మామాను బతిమాలి పొద్దున్నే సెలవు తీసుకుంది, పొద్దుగూకాక వచ్చినా పర్వాలేదని కూడా అనిపించుకుంది. ఇన్నాళ్ళూ వారానికి గంటలో అన్నీ చెప్పుకోవడానికి అలవాటుపడ్డవాళ్ళు. భోజనం ముగిసేసరికి చెప్పుకోవలసినవన్నీ అయిపోయాయి. ఆయన సోఫా చివర కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. ఆమె మా వంటింట్లో తనవి కాని గిన్నెలు తోమబోతే అమ్మ వద్దని పంపేసింది. మధ్యాహ్నం ఇంత పొడుగ్గా ఉంటుందని వాళ్ళెప్పుడూ చూసినట్టు లేదు.

చివరికి చిన్నమ్మే అంది: "ఇంగ ఏం జేద్దాం? ఈపొద్దు మ్యాచ్ ల్యాదా?"

మ్యాచ్ రోజున ఆయన్ను ఛాయలకు రానివ్వొద్దని తీర్పు. అయితే ఆ తీర్పు పనివాడికి వర్తిస్తుందా, ప్రేక్షకుడికి వర్తిస్తుందా అన్నది చర్చనీయాంశం. దాన్ని నేను ఎవరి దగ్గరా చర్చించలేదు. నాకిచ్చే పాసులతో ఇద్దరినీ మామూలు తలుపులోంచే తీసుకువెళ్ళి, మధ్య వరుసలో కూర్చోబెట్టాను. ఆట మొదలైన తర్వాత ఆ హాలు ఎలా ఉంటుందో చిన్నమ్మ చూడడం అదే మొదటిసారి. గేటు దగ్గర చిన్నాయన బదులు నిజామాబాద్ మనిషి ఒకడున్నాడు. ఆయన గదిలోనే కొత్తగా దిగినవాడు. గేటు ఆలస్యంగా తీస్తున్నాడని చిన్నాయన మొదటి భాగమంతా గొణుగుతూనే ఉన్నాడు.

రెండో భాగంలో ఇద్దరు చేతి తొడుగులు విసిరేశారు. రెఫరీలు పక్కకు జరిగారు. చుట్టూ జనం లేచారు. చిన్నమ్మ కూర్చునే, అటూ ఇటూ వంగి చూసింది. "ఎవురూ విడిపిచ్చరా?" అని అడిగింది.

"అది ఆటలోదేలే. కూచో" అన్నాడు చిన్నాయన. ఆమె కూర్చునే ఉంది.

గేటు దగ్గరి మనిషి గడియ తీశాడు. గేటు సగం తెరిచి, ఒక కాలు లోపలికి పెట్టబోతూ, వెనక్కి తిరిగి వరుసల్లో వెతికాడు. చిన్నాయన కనిపించాడు. చిన్నాయన కూర్చున్నచోటనే తల అడ్డంగా ఊపాడు. ఆ మనిషి కాలు వెనక్కి తీసుకుని గేటు మూసేశాడు.

చిన్నమ్మ ఆ గేటునూ, భర్తనూ చూసింది. "మన శుక్రవారం పోతాదనే గదా వొద్దన్నింది" అంది, మెల్లగా.

ఆయన కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఐసు మీద ఒకడు పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు.